హుద్‌హుద్ తుపాను రోజుల్లో కరెంటు లేకుండా అక్వేరియం కాపాడుకోవడం: నా అనుభవం

2014 అక్టోబరు 12, ఆదివారం మధ్యాహ్నం హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్దనే తీరం దాటింది. గంటకు 170 నుంచి 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి చెట్లతో పాటు కరెంటు స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు ఒక్క పూటలో నేలకూలాయి. ఏ వీధికి ఎప్పుడు కరెంటు వస్తుందో చెప్పగలిగినవారు ఊరంతా వెతికినా దొరకలేదు. సెల్‌ఫోన్లు మూగబోయాయి, పాలు కరువయ్యాయి, పెట్రోలు బంకుల ముందు బారులు తీరాయి. అటువంటి సమయంలో గాజుతొట్టిలోని చేపల గురించి తాపత్రయపడటం చాదస్తమని మా బంధువులలో కొందరు తరువాత అన్నారు. వారి మాట నేను కాదనను. అయితే తుపాను హెచ్చరిక వినగానే మనం బియ్యం, కొవ్వొత్తులు, మంచినీళ్లు సమకూర్చుకుంటాము. గాజు గోడల మధ్య మనమే బంధించి ఉంచిన ప్రాణికి ఆ వెసులుబాటు లేదు కనుక దాని సంగతి చూడవలసింది మనమే.

మా ఇల్లు సీతమ్మధారలో ఒక అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో ఉంది. హాల్లో నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గల మంచినీటి అక్వేరియం ఉండేది. గులకరాళ్లు, మొక్కలు, పైన వదిలిన ఖాళీ పోగా అందులో సుమారు 220 లీటర్ల నీరు నిలిచేది. ఒక ఏంజెల్ జంట, ముత్యాల గౌరామీలు, నియాన్ టెట్రాల గుంపు, అడుగున ఇసుక కెలికే కోరిడోరస్‌లు, అద్దానికి అతుక్కుని పడుకునే ఒక సక్కర్ చేప అందులో ఉండేవి. నీటిని శుభ్రపరచడానికి తొట్టి కింద అలమరలో ఒక కానిస్టర్ ఫిల్టరు, దానికి తోడు చిన్న ఎయిర్ పంపు పనిచేసేవి. మా అమ్మాయి గదిలోని రెండడుగుల తొట్టిలో గోల్డ్‌ఫిష్‌లు విడిగా ఉండేవి. ఇంట్లో ఇన్వర్టరు లేదు.

కరెంటు పోయినప్పుడు చేపలకు ఏం జరుగుతుందన్న విషయంలో నాకు తెలిసినదంతా అక్వేరియం దుకాణంలో కాక చెరువుగట్టు మీద నేర్చుకున్నదే. మా మేనమామకు ఆకివీడు దగ్గర చేపల చెరువులు ఉన్నాయి. చిన్నప్పుడు వేసవి సెలవులకు అక్కడికి వెళ్లినప్పుడు, రోజంతా మబ్బు పట్టిన మరునాడు తెల్లవారుజామున ఆయన టార్చిలైటు పట్టుకుని గట్టు మీద తిరుగుతూ ఉండేవాడు. ఎండ లేకపోతే నీటిలోని నాచు, పచ్చదనం పగలు చేయవలసినంత ఆక్సిజన్ తయారు చేయవు; రాత్రంతా చేపలు, నాచు, అడుగు మట్టి కలిసి ఉన్నదాన్ని వాడేసుకుంటాయి; అందువల్ల నీటిలో ప్రాణవాయువు అట్టడుగుకు పడిపోయేది సూర్యోదయానికి కాస్త ముందు. ఆ వేళకు శీలావతులు, బొచ్చెలు మూతులు పైకి పెట్టి గుటకలు వేస్తుంటే, ఆయన ఏరియేటర్ల కోసం డీజిల్ ఇంజను వేయించేవాడు. ‘‘చేప తేలిందంటే ముందు మేత బస్తా మూతి కట్టెయ్యాలిరా అల్లుడూ, ఇంజను దగ్గరికి పరిగెత్తేది ఆ తరవాతే’’ అని ఆయన చెప్పిన మాట, ఎకరాల చెరువుకు ఎంత వర్తిస్తుందో నాలుగడుగుల తొట్టికీ అంతే వర్తిస్తుంది. తిన్న మేత అరగడానికి చేపకు అదనంగా ఆక్సిజన్ కావాలి, అరిగినది అమ్మోనియా అనే విషంగా నీటిలోకి వస్తుంది, తినకుండా మిగిలినది కుళ్లి ఆ రెండు నష్టాలనూ పెంచుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప వారం రోజులు మేత లేకపోయినా నిబ్బరంగా ఉంటుంది. పుట్టి కొద్ది రోజులే అయిన పిల్లలకు మాత్రం ఈ సూత్రం పనికిరాదు.

తుపాను మన వైపే వస్తోందని రూఢి అయిన తరువాత, శనివారం నాడే మేత ఆపివేశాను. కుళాయి నీళ్లు ఇంకా వస్తుండగానే తొట్టిలో మూడో వంతు నీరు తీసి, క్లోరిన్ విరిచిన కొత్త నీరు నింపాను. పసుపు రంగుకు తిరిగిన ఆకులను కత్తిరించి, గులకరాళ్ల సందుల్లోని మలినాన్ని సైఫన్ గొట్టంతో లాగేశాను. ఫిల్టరులోని స్పాంజిని తొట్టి నుంచి తీసిన పాత నీటిలోనే పిండి పెట్టాను గాని, సిరామిక్ ఉంగరాలను ముట్టుకోలేదు. వాటికి పట్టిన బాక్టీరియానే అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, ఆ తరువాత అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. కుళాయి కింద పెట్టి వాటిని తళతళలాడేలా కడిగితే ఫిల్టరు కొత్తదైనట్టు కనిపిస్తుంది, దాని పని మాత్రం మళ్లీ మొదటికి వస్తుంది. బజారుకు వెళ్లి పెద్ద టార్చిలైటు సెల్లతో నడిచే ఎయిర్ పంపు ఒకటి, దొరికినన్ని సెల్లు కొన్నాను. ఇవన్నీ చేశాక కూర్చుని, ఏంజెల్ చేప నిశ్చింతగా ఉన్నప్పుడు దాని మొప్పలు అర నిమిషంలో ఎన్నిసార్లు కదులుతున్నాయో లెక్కపెట్టి కాగితం మీద రాసుకున్నాను. ఆక్సిజన్ కొలిచే మీటరు ఇంట్లో లేనివారికి ఆ కాగితమే మీటరు.

ఆదివారం ఉదయానికి కరెంటు లేదు. మధ్యాహ్నం గాలి ఒక్కసారిగా ఆగినట్టే ఆగి, తుపాను కన్ను దాటిన తరువాత ఎదురు దిక్కు నుంచి మరింత ఉరవడితో విరుచుకుపడింది. కిటికీ అద్దాలు పగులుతున్న చప్పుడు వింటూ, తొట్టికి కిటికీ వైపున రెండు దుప్పట్లు మడిచి కట్టడం తప్ప ఆ గంటలలో చేపల కోసం నేను చేసినది ఏమీ లేదు, చేయవలసినదీ లేదు. ఈ విషయం నొక్కి చెప్పడం అవసరమని అనుకుంటాను. పంపు ఆగిన మరుక్షణం నుంచి చేపలు ఊపిరాడక తన్నుకుంటాయన్న భయం నిజం కాదు. ఇరుకుగా నింపని తొట్టిలో, అప్పటివరకు బాగా కలిసిన నీరు ఉంటే, అందులోని ఆక్సిజన్ కొన్ని గంటలకు సరిపోతుంది. ఆ తరువాత కూడా నీటి ఉపరితలం గుండా గాలి నెమ్మదిగా కరుగుతూనే ఉంటుంది. అందువల్ల అప్పుడే సెల్లు ఖర్చు చేయకుండా దాచుకున్నాను. తొట్టి మీది మూతను, ట్యూబ్‌లైటు పెట్టెను తీసివేసి, చేపలు ఎగిరి బయట పడకుండా దోమతెర ముక్కను పైన పరిచి అంచుల చుట్టూ ఎలాస్టిక్ బిగించాను.

నీటి ఉపరితలం అన్నప్పుడు ఒక సంగతి చెప్పాలి. కదలిక ఆగిన నీటి మీద కొద్దిసేపట్లోనే పలుచని జిడ్డు తెర ఏర్పడుతుంది. పక్క నుంచి చూస్తే వానాకాలం రోడ్డు మీది నూనె మరకలా రంగులు తేలుతూ కనిపిస్తుంది. అది గాలికీ నీటికీ మధ్య అడ్డుగోడ. అచ్చు లేని తెల్ల కాగితాన్ని నీటి మీద చాపలా పరిచి, ఒక చివర పట్టుకుని మెల్లగా లాగితే తెర దానికి అంటుకుని వచ్చేస్తుంది. ఒకటి రెండు కాగితాలతో ఉపరితలం శుభ్రపడుతుంది. ఖర్చు లేని ఈ పని చేపలకు చేసే మేలు చాలా పెద్దది.

సాయంత్రానికి ఏంజెల్ మొప్పల వేగం నేను రాసుకున్న లెక్క కంటే స్పష్టంగా పెరిగింది. చాలామంది గౌరామీలను చూసి కంగారు పడతారు, అది అనవసరం. గౌరామీలకు, ఫైటర్ చేపలకు మొప్పల పైన గాలిని నేరుగా పీల్చుకునే ప్రత్యేకమైన అవయవం ఉంటుంది కనుక అవి మామూలు రోజుల్లో కూడా పైకి వచ్చి గుటక వేసి వెళతాయి. కోరిడోరస్‌లు సైతం బాణంలా పైకి దూసుకువచ్చి గాలి మింగి, పేగుల ద్వారా ఆక్సిజన్ తీసుకుంటాయి. సక్కర్ చేపకు కూడా అవసరమైతే గాలి మింగే శక్తి ఉంది. మన కొర్రమీను బురదలో సైతం బతికి ఉండటానికి కారణం ఇటువంటి ఏర్పాటే. నీటిలో కరిగిన ఆక్సిజన్ మీదనే పూర్తిగా ఆధారపడేవి ఏంజెల్‌లు, టెట్రాలు, గోల్డ్‌ఫిష్‌లు. కాబట్టి కళ్లు పెట్టవలసింది వాటి మీద. ఒకే జాతి చేపలలో పెద్దవి ముందుగా తేలి, చిన్నవి ఇంకా హుషారుగా ఉంటే అది ఆక్సిజన్ కొరత అని చెరువు రైతులు పోల్చుకుంటారు. ఆ గుర్తు తొట్టిలో కూడా నిలబడింది.

ఆ సాయంత్రం నుంచి చెంబుతో నీళ్లు పోయడం మొదలుపెట్టాము. తొట్టిలోని నీటినే చెంబుతో ముంచి, జానెడు ఎత్తు నుంచి తిరిగి అందులోనే పోయాలి. అంతకంటే ఎత్తు నుంచి ధారగా పోస్తే చప్పుడు ఎక్కువ, లాభం తక్కువ. ఏంజెల్‌లు బెదిరి మూలల్లో దూరాయి. అందుకని వంటింట్లోని చిల్లుల గిన్నెను తొట్టి అంచుల మీద అడ్డంగా పెట్టిన గరిటె కాడకు ఆనించి, దానిలో పోశాము. నీరు పదుల కొద్దీ సన్నని పాయలుగా చీలి రాలడంతో గాలి తగిలే మేర అనేక రెట్లు పెరిగింది, చేపలు బెదరడం కూడా తగ్గింది. గంటకు ఒకసారి అయిదారు నిమిషాలు పోస్తే ఏంజెల్ మొప్పల లెక్క కాగితం మీది అంకెకు చేరువగా వచ్చేది. మా ఆవిడ, నేను, అమ్మాయి వంతులు వేసుకున్నాము. సెల్లతో నడిచే పంపును రాత్రి మనుషులు నిద్రపోయే గంటలకు, ముఖ్యంగా తెల్లవారుజాముకు అట్టేపెట్టాము. తుపాను మరునాడు బజారులో సెల్లు, కొవ్వొత్తులు కనిపించకుండా పోయాయి కనుక ఆ పొదుపు తప్పనిసరి అయింది. దీపాలు లేని తొట్టిలో మొక్కలు కూడా పగలంతా చేపలతో పాటు ఆక్సిజన్ పీల్చుకునేవే. అది గుర్తుకు వచ్చి, బాగా దట్టంగా ఉన్న హైడ్రిల్లాలో సగం తీసి బాల్కనీలోని బకెట్టులో వేశాను.

వేడి మరొక చిక్కు. 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలిగితే, 30 డిగ్రీల నీరు ఏడున్నర మిల్లీగ్రాములే పట్టుకుంటుంది. పైగా వేడిలో చేప శరీరానికి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. చలిదేశాల వారి సలహాలలో తొట్టికి దుప్పటి కప్పి వేడి నిలపమని ఉంటుంది. విశాఖలో తుపాను వెళ్లిన తరువాత ఫ్యాన్లు లేని ఆ ఉక్కపోతలో దుప్పటి కప్పి ఉంటే చేతులారా చేటు చేసినవాళ్లమయ్యేవాళ్లము. గాలి అద్దాలను పగలగొట్టినది కాక, మిగిలిన కిటికీలను కూడా మేమే తెరిచి ఉంచాము.

గోల్డ్‌ఫిష్‌ల సంగతి వేరు. అవి ఎక్కువ ఆక్సిజన్ వాడతాయి, ఎక్కువ మలినం చేస్తాయి. రెండడుగుల తొట్టి వాటికి మామూలు రోజుల్లోనే ఇరుకు. ఆదివారం రాత్రికే అవి మూతులు పైకి పెట్టాయి. మా అమ్మాయి పసిపాపగా ఉన్నప్పుడు స్నానం చేయించిన ప్లాస్టిక్ టబ్బు అటక మీద ఉంటే దింపి, సబ్బు తగలకుండా కడిగి, తొట్టి నీటితో పాటు డ్రమ్ములో దాచిన నీటిని అందులో జానెడు లోతున పోసి చేపలను మార్చాము. నీటి పరిమాణం కొంచెమే పెరిగినా, గాలి తగిలే వైశాల్యం రెట్టింపు దాటింది. చెంబు అవసరం లేకుండానే గంటలోపు అవి కిందికి దిగి తిరగసాగాయి. చేప ఊపిరికి తొట్టి లోతు కంటే నీటి పైముఖం ఎంత వెడల్పుగా ఉందన్నదే ముఖ్యం. చూడడానికి ఇంపుగా ఉండే నిలువు తొట్టెలు, మూతి బిగిసిన గాజు గోళాలు కరెంటు లేని రోజున ముందుగా ప్రాణం తీసేవి అందుకే.

ఆక్సిజన్ కంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసినది ఫిల్టరు. కానిస్టర్ ఫిల్టరు మూసిన డబ్బా. నీరు ప్రవహిస్తున్నంతసేపూ అందులోని బాక్టీరియాకు ఆక్సిజన్ అందుతుంది. ప్రవాహం ఆగితే డబ్బాలోని కాస్త ఆక్సిజనూ త్వరలోనే అయిపోయి, మేలు చేసే బాక్టీరియా నీరసించి, ఆక్సిజన్ లేకుండా బతికే వేరే రకాలు పెరిగి, పేరుకున్న మలినం కుళ్లడం మొదలవుతుంది. గాలి కాస్త తగ్గిన వెంటనే నేను ఫిల్టరు ప్లగ్గును గోడ నుంచి పీకివేసి, కవాటాలు మూసి, డబ్బా తెరిచి సిరామిక్ ఉంగరాలను బయటికి తీశాను. ఉల్లిపాయలు అమ్మే వల సంచులు రెండు ఉంటే, కడిగి, ఉంగరాలను అందులో పోసి, తొట్టిలో ఉపరితలానికి దగ్గరగా, చిల్లుల గిన్నె నుంచి నీరు రాలే చోట వేలాడదీశాను. కరెంటు లేకపోయినా వాటి మీది బాక్టీరియాకు అమ్మోనియా అందుతూ ఉంటుంది, ఆక్సిజనూ తగులుతూ ఉంటుంది. ఫిల్టరులో ఉన్నంత చురుకుగా కాకపోయినా తన పని కొంత చేస్తూనే ఉంటుంది. డబ్బాలో మిగిలిన మురికి నీటిని కుండీల్లోని మొక్కలకు పోశాము.

ఇక నీటి మార్పు. మున్సిపాలిటీ నీళ్లు రాలేదు. బోరు మోటారుకు కరెంటు లేదు. అపార్ట్‌మెంటు సంఘంవారు డీజిల్ దొరికిన రోజున జనరేటరు గంటసేపు నడిపి పైట్యాంకు నింపేవారు. ఆ గంటలో ప్రతి ఇంటివారూ బిందెలు, బకెట్లు నింపుకుంటూ, ఫోన్లు చార్జింగు పెట్టుకుంటూ ఉంటే, నేను కరెంటుతో నడిచే ఎయిర్ పంపును గోల్డ్‌ఫిష్ టబ్బులో వేసేవాడిని. బోరు నీరు నేల లోతు నుంచి వస్తుంది కనుక అందులో ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది. బకెట్టు నుంచి బకెట్టుకు కొన్నిసార్లు ఎత్తి పోసి గాని తొట్టిలో కలపరాదు. ట్యాంకర్లలో వచ్చిన నీటికి మూత తీయగానే క్లోరిన్ వాసన ముక్కుకు తగిలేది. తుపాను తరువాత రోగాలు ప్రబలకుండా క్లోరిన్ మామూలు కంటే ఎక్కువగా వేస్తారు. అది మనుషులకు రక్ష, చేపల మొప్పలకు చిచ్చు. అక్వేరియం దుకాణాలలో దొరికే హైపో స్ఫటికాలు, అంటే సోడియం థయోసల్ఫేట్, కొద్దిగా కరిగించి కలిపితే క్లోరిన్ విరిగిపోతుంది. హైపో లేనివారు నీటిని వెడల్పయిన పాత్రలో ఒక రోజు తెరిచి ఉంచి వాడవచ్చు.

ఎంత నీరు మార్చాలన్నది ఊహ మీద కాక పరీక్ష మీద నిర్ణయించుకున్నాను. అమ్మోనియా పరీక్ష గొట్టంలో మందు చుక్కలు వేసిన నీరు పసుపుగా ఉంటే అమ్మోనియా లేదని, ఆకుపచ్చకు తిరిగేకొద్దీ పెరుగుతోందని అర్థం. కొవ్వొత్తి వెలుగు తానే పసుపు రంగుది కావడంతో, ఆ వెలుగులో ఏ గొట్టమైనా క్షేమంగానే కనిపిస్తుంది. గొట్టాన్ని తెల్ల కాగితం ముందు పెట్టి పగటి వెలుతురులో చూస్తేనే లేత ఆకుపచ్చ బయటపడింది. అంతకంటే ముఖ్యమైనది పీహెచ్, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె. అమ్మోనియాలో చేపకు నిజంగా విషమయ్యే భాగం 28 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 వద్ద నూటికి ఒక వంతు కూడా ఉండదు; పీహెచ్ 8 వద్ద అదే నూటికి ఆరు ఏడు వంతులవుతుంది. అంటే ఒకే లేత ఆకుపచ్చ రంగు ఒక ఇంటి తొట్టిలో ఓర్చుకోదగినది, బోరు నీరు గట్టిగా ఉండే మరొక ఇంటిలో ప్రాణాంతకం. మా బోరు నీటి పీహెచ్ ఎక్కువ కనుక ఆకుపచ్చ ఛాయ కనబడిన రోజున నాలుగో వంతు నీరు మార్చాను, కనబడని రోజున ముట్టుకోలేదు.

మందుల దుకాణంలో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే ఆక్సిజన్ వస్తుందని పొరుగువారొకరు చెప్పారు. రసాయనపరంగా అది నిజమే, రొయ్యల చెరువులలో అత్యవసరానికి వాడతారు కూడా. అయితే విదేశీయులు రాసే మోతాదులు చాలావరకు 3 శాతం ద్రావణానివి. మన దుకాణాలలో సాధారణంగా దొరికేది 6 శాతం ద్రావణం. మోతాదు తప్పితే మొప్పలు కాలిపోతాయి. చెంబు, చిల్లుల గిన్నె చేతిలో ఉండగా ఆ సాహసం దేనికని సీసా కొనలేదు.

టెట్రాలలో కొన్ని చనిపోయాయి. మిగిలినవన్నీ నిలిచాయి. చనిపోయినదాన్ని ఆలస్యం చేయకుండా తీసివేయడం కోసం ఉదయం, సాయంత్రం టార్చితో మొక్కల మొదళ్లలో వెతికేవాళ్లము. చీకటి తొట్టిలో ఒక్క చిన్న చేప కనబడకుండా కుళ్లినా, అది రోజుల తరబడి మేత వేయకుండా ఆదా చేసుకున్నదంతా మట్టిపాలు చేస్తుంది.

అసలు గండం కరెంటు వచ్చిన రోజున పొంచి ఉంటుంది. మా పై అంతస్తువారి తొట్టిలో చేపలు చీకటి రోజులన్నీ ఎలాగో గడిపి బతికాయి. కరెంటు రాగానే వారి ఫిల్టరు తనంతట తానే తిరిగింది. అన్ని రోజులూ మూసిన డబ్బాలో కుళ్లిన నీరు ఒక్కసారిగా తొట్టిలోకి చిమ్మింది. పిల్లలు దీపం వెలిగిందన్న సంతోషంతో పిడికెడు మేత వేశారు. ఆ రాత్రికే చేపలు వెల్లకిలా పడ్డాయి. వారిని తప్పుపట్టడానికి లేదు, ఫిల్టరు పెట్టె మీద ఎక్కడా ఈ ముక్క రాసి ఉండదు.

నేను డబ్బాను, గొట్టాలను ఖాళీ చేసి, తొట్టి నీటితో రెండుసార్లు తొలిచి, వల సంచుల్లోని ఉంగరాలను తిరిగి సర్ది, మొదట వచ్చే నీటిని బకెట్టులోకి వదిలి వాసన చూసిన తరువాతే తొట్టికి కలిపాను. కుళ్లిన గుడ్ల వాసన ఏ మాత్రం ఉన్నా ఆ నీరు తొట్టిలోకి పోకూడదు. మేత ఆ రోజు వేయలేదు. మరునాడు చిటికెడు వేశాను. తరువాతి రోజుల్లో అమ్మోనియా తగ్గి నైట్రైట్ తలెత్తింది. నైట్రైట్ చేప రక్తంలోకి చేరితే నీటిలో ఎంత ఆక్సిజన్ ఉన్నా రక్తం దాన్ని మోయలేదు. ఉప్పులోని క్లోరైడు మొప్పల వద్ద నైట్రైట్‌కు అడ్డు పడుతుంది కనుక, అయోడిన్ కలపని కల్లుప్పును పది లీటర్లకు రెండు మూడు గ్రాముల చొప్పున కరిగించి పోశాను. కోరిడోరస్‌లకు ఉప్పు పడదని అంటారు గాని, ఇంత కొంచెం ఉప్పుకు మా తొట్టిలోనివి ఇబ్బంది పడలేదు. దీపావళి నాటికి నైట్రైట్ పరీక్షలో రంగు మారడం ఆగింది.

ఆ తరువాత తొట్టి ఏర్పాటు మార్చాను. కానిస్టర్‌తో పాటు రెండు స్పాంజి ఫిల్టర్లు శాశ్వతంగా పెట్టాను. వాటికి కావలసింది బుడగలే కనుక ఏ చిన్న పంపుతోనైనా నడుస్తాయి, బాక్టీరియా కూడా వాటి మీద పెరిగి ఉంటుంది. పంపు నీటిమట్టం కంటే కింద ఉంటే, కరెంటు పోగానే గొట్టం గుండా నీరు వెనక్కి వచ్చి నేల మీదికి, ప్లగ్గు మీదికి కారుతుంది. దానికి అడ్డుగా అప్పట్లో పది రూపాయలకు దొరికిన నాన్ రిటర్న్ వాల్వు వేశాను. ఇంట్లో ఇన్వర్టరు పెట్టించుకున్నాము గాని, చేపలను దానికి వదలలేదు. ఎయిర్ పంపు తీసుకునేది నాలుగు వాట్లే అయినా, ఇన్వర్టరు తాను మెలకువగా ఉండటానికే ఇంచుమించు పదిహేను ఇరవై వాట్లు ఖర్చు చేస్తుంది. అదే పంపు 12 వోల్టుల డీసీది అయితే బ్యాటరీ నుంచి ఆంపియరులో మూడో వంతు మాత్రమే లాగుతుంది. పాత యూపీఎస్‌లో ఉండే 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ, కొత్తదైతే, దాన్ని రాత్రంతా మోస్తుంది. గంటకు పావుగంట మాత్రమే నడిపితే రెండు మూడు రోజులు లాగవచ్చు. ఇప్పుడు పవర్ బ్యాంకుతో నడిచే పంపులు చౌకగా వస్తున్నాయి. అయితే కొన్ని పవర్ బ్యాంకులు ఇంత చిన్న పంపును పంపుగానే గుర్తించక, కొద్దిసేపటికి ఫోను చార్జింగు అయిపోయిందనుకుని ఆగిపోతాయి. కొన్న రోజునే రాత్రంతా నడిపి చూసుకోవాలి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉన్న మా స్నేహితుడికి ఈ పద్ధతి పనికివచ్చింది. అతని దగ్గర ఉన్నది ఒక్కటే పెద్ద ఫ్లవర్‌హార్న్ చేప. తుపానుకు ముందే ఫోనులో మాట్లాడుకున్నాము కనుక మేత ఆపి, కరెంటు పోగానే దాన్ని పశువుల కుడితికి వాడని సిమెంటు తొట్టిలోకి మార్చి, పైన వల కప్పి ఉంచాడు. సిగ్నలు వచ్చాక మొదటి ఫోనులోనే, చేప తననే చూస్తూ అద్దం లేని తొట్టి అంచుల వెంట తిరుగుతోందని, మేత వేయవచ్చా అని అడిగాడు. గొట్టంలో రంగు ఎలా ఉందని అడిగితే, ఇంకా కొంచెం ఆకుపచ్చగానే ఉందన్నాడు. అయితే పసుపుకు వచ్చేదాకా ఆగమన్నాను.